చెమటకు చందా

పత్రికలకు చందా కట్టి చదువుకున్న తరం మనది. ముందుగా మనియార్డరు పంపితే ఏడాది పొడవునా సంచిక ఇంటికి వచ్చేది. చదవని సంచికలు బల్లమీద పేరుకుని, పైకాగితమైనా విప్పలేదేమని నిలదీసేవి. ఏడాది తిరిగాక "మీ చందా ఈ సంచికతో ముగిసినది" అన్న చీటీ ఒకటి వచ్చేది. మళ్ళీ కట్టాలా, మానాలా అన్నది ఆ చీటీ చేతిలో పట్టుకుని తీరుబడిగా నిర్ణయించుకునేవాళ్ళం. ఆ పాత మాటనే ఇప్పుడు ఇంట్లో వ్యాయామం నేర్పే అంతర్జాల తరగతులకు కూడా వాడుతున్నాం. నెలకింత అని చందా కడితే ఫోనులోనో టీవీలోనో ఒక శిక్షకుడు కనబడి చేతులెత్తమంటాడు, కాళ్ళు చాచమంటాడు. అయితే చేయని వ్యాయామం బల్లమీద పేరుకోదు. చందా ముగిసినదన్న చీటీ రాదు, ఎందుకంటే అది ముగియదు. బ్యాంకు ఖాతాలోంచి ప్రతి నెలా అదే తేదీన దానంతటది డబ్బు తీసుకుపోతుంది.

ఈ తరగతుల విషయంలో నాకు రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ గట్టివే. ఇంట్లో ఉండి వ్యాయామం నేర్చుకునే వీలు మన సమాజానికి, ముఖ్యంగా మన ఇళ్ళలోని ఆడవాళ్ళకు, చాలా అవసరమైనది. దానికి డబ్బు వసూలు చేసే పద్ధతి మాత్రం, ఇప్పుడు పెద్ద సంస్థలు నడుపుతున్న తీరులో, నాకు సమ్మతం కాదు. ఈ రెంటినీ కలిపి చూడడం వల్లనే ఒకరు "అదంతా మోసం" అనీ, మరొకరు "అంతకన్నా సుఖం లేదు" అనీ వాదించుకుంటున్నారు.

దూరాన ఉన్న గురువు చెబితే ఇంట్లో చేయడం కొత్త సంగతి కాదు. 1920లలో అమెరికాలో చార్లెస్ అట్లాస్ టపాలో పాఠాలు పంపి కండలు పెంచుతానన్నాడు. 1925లో మెట్రోపాలిటన్ లైఫ్ అనే బీమా సంస్థ న్యూయార్కు నుంచి పొద్దున్నే రేడియోలో వ్యాయామం చెప్పించింది. దాన్ని చూసి వెళ్ళిన జపాను వాళ్ళు 1928 నవంబరులో తమ దేశంలో రేడియో కసరత్తు మొదలుపెట్టారు. అక్కడ దాని వెనుక నిలబడింది తపాలా శాఖవారి జీవిత బీమా విభాగం. 1951లో జాక్ లాలేన్ టెలివిజనులోకి వచ్చి ముప్పై ఏళ్ళకు పైగా ఇల్లాళ్ళ చేత కుర్చీ పట్టుకుని కసరత్తులు చేయించాడు. 1982లో సినిమా నటి జేన్ ఫాండా వీడియో కేసెట్టు వచ్చింది. ఆ కేసెట్టు కోసమే వీసీఆర్ కొన్నవాళ్ళున్నారని చెప్పుకుంటారు.

ఈ వరుసలో నన్ను ఆపి ఆలోచింపజేసేది బీమా సంస్థల సంగతి. బీమా వాడు రేడియోలో వ్యాయామం ఎందుకు చెప్పించాడు? జనం మరి నాలుగేళ్ళు ఎక్కువ బతికితే అతడికి మరి నాలుగేళ్ళు ప్రీమియం వస్తుంది, చెల్లించవలసినది వాయిదా పడుతుంది. అందులో ధర్మబుద్ధి ఎంతుందో మనకెందుకు గానీ, వినేవాడు నిజంగా చేతులూ కాళ్ళూ ఆడిస్తేనే చెప్పించేవాడికి లాభం. కేసెట్టు అమ్మేవాడికి ఆ బాధ లేదు. అమ్మేశాడు, తన దారిన తాను పోయాడు. కొన్నవాడు చేస్తే సంతోషం, చేయకపోతే కేసెట్టు అటక మీద ఉంటుంది, ఇంకో రూపాయి అడగదు. నెలవారీ చందా ఈ రెంటికీ భిన్నం. మనం చేసినా చేయకపోయినా వాడికి డబ్బు వస్తూనే ఉంటుంది. మనం చేయడం లేదన్న సంగతి మనకే గుర్తు రానంత కాలం వస్తుంది.

ఇది నా ఊహ కాదు. స్టెఫానో డెల్లావీన్యా, ఉల్రికే మల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు అమెరికాలోని మూడు వ్యాయామశాలల్లో 7,752 మంది సభ్యుల హాజరును మూడేళ్ళపాటు లెక్క కట్టి 2006లో ఒక పరిశోధనాపత్రం ప్రచురించారు. "జిమ్ముకు వెళ్ళకుండా ఉండడానికి డబ్బు చెల్లించడం" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే ఒప్పందం ఎంచుకున్న సభ్యులు నెలకు సగటున 4.3 సార్లు వెళ్ళారట. అంటే ఒక్కొక్క రాకకు 17 డాలర్ల పైన పడింది. అదే శాలలో పది రాకలకు చీటీ కొనుక్కుంటే ఒక్కొక్కటి 10 డాలర్లకే వచ్చేది. మరీ ఆసక్తికరమైన సంగతి మరొకటి ఉంది. చివరిసారి వెళ్ళిన రోజుకూ సభ్యత్వం రద్దు చేసుకున్న రోజుకూ మధ్య సగటున రెండు నెలలకు మించి వ్యవధి ఉన్నది. ఆ రెండు నెలల డబ్బు దేనికి కట్టినట్టు? రేపటి నుంచి వెళతానన్న ఆశకు కట్టినట్టు. జిమ్ముకు ఒక గోడ ఉంటుంది, దారిలో కనబడి కాస్త సిగ్గుపడేట్టు చేస్తుంది. ఫోనులోని తరగతికి ఆ గోడ కూడా లేదు.

ఈ వ్యాపారం తీరు తెలియాలంటే అమెరికాలోని పెలొటాన్ సంస్థ కథ తెలుసుకోవాలి. 2012లో మొదలైంది. గదిలో కదలకుండా నిలబడే ఒక సైకిలు, దాని ముందు ఒక తెర, ఆ తెరలో న్యూయార్కు స్టూడియోలో సైకిలు తొక్కుతూ ఉత్సాహపరిచే ఒక శిక్షకురాలు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు సైకిలు పందెంలో గుంపుగా సాగే రౌతుల సమూహం అని అర్థం. గుంపులో ఉన్నవాడికి ఎదురుగాలి తక్కువ తగులుతుంది. ఎవరి పడకగదిలో వాళ్ళు ఒంటరిగా తొక్కే యంత్రానికి ఆ పేరు పెట్టడంలోని చమత్కారం పెట్టినవాళ్ళకు తట్టిందో లేదో! 2020లో కరోనా వచ్చి జిమ్ములన్నీ మూతబడినప్పుడు ఈ సైకిళ్ళ కోసం జనం వారాల తరబడి వేచి చూశారు. తలుపులు మళ్ళీ తెరుచుకున్నాక గిరాకీ పడిపోయింది. 2022 ఫిబ్రవరిలో స్థాపకుడు జాన్ ఫోలీ అధికారి పదవి నుంచి తప్పుకున్నాడు, వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి. యంత్రం అమ్మకాలు పడిపోయినా చందా మాత్రం పెరుగుతూ పోయింది. నెలకు 39 డాలర్లున్నది 2022 జూనులో 44 అయింది, 2025 అక్టోబరులో 49.99 అయింది.

వేలకొద్దీ డాలర్లు పోసి యంత్రం కొన్నాక కూడా దాని తాళంచెవి అమ్మినవాడి దగ్గరే ఉంటుందన్నది ఈ కథలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం. ఈ సంస్థ 4,295 డాలర్లకు ఒక పెద్ద నడకయంత్రాన్ని కూడా అమ్మేది. దాని కింద చిక్కుకుని ఒక పసివాడు చనిపోవడంతో 2021 మేలో దాదాపు 1,25,000 యంత్రాలను వెనక్కి పిలిచారు. పిల్లలు మీట నొక్కినా కదలకుండా యంత్రానికి ఒక అంకెల తాళం పెట్టారు. మంచి పని. అయితే ఆ తాళం చందాదారులకు మాత్రమే పనిచేసే విధంగా తయారైంది. కాబట్టి చందా లేనివాళ్ళు తమ సొంత యంత్రం మీద ఊరికే నడవడానికి కూడా వీలు లేకుండా పోయింది. గోల పుట్టాక మూడు నెలలు ఉచితమన్నారు, తరువాత సరిదిద్దుతామన్నారు. తాళం అవసరమే, దాన్ని తప్పు పట్టడం లేదు. ఎద్దును కొని ఇంటికి తెచ్చుకున్నాక పలుపుతాడుకు నెల నెలా అద్దె కట్టమంటే ఏ రైతూ ఒప్పుకోడు. 2024 ఆగస్టు నుంచి ఇంకొకరి దగ్గర పాత సైకిలు కొనుక్కున్నవాళ్ళ చేత కూడా 95 డాలర్లు కట్టించడం మొదలుపెట్టారు.

దీని సాటి సంస్థ కథ ఇంకా పొట్టిది. గోడకు తగిలించే అద్దంలో శిక్షకుడు కనబడే యంత్రాన్ని తయారుచేసిన మిర్రర్ అనే సంస్థను లులులెమన్ అనే బట్టల కంపెనీ 2020లో 50 కోట్ల డాలర్లకు కొన్నది. 2023లో ఆ అద్దాల అమ్మకం మానుకుంటున్నామని ప్రకటించింది.

పెలొటాన్ వాళ్ళ పక్షాన చెప్పవలసిన మాట ఒకటున్నది, చెప్పకపోతే అన్యాయం. రోజూ తొక్కేవాడు చందా మానడు. కాబట్టి వాడు తొక్కాలనే సంస్థ కూడా కోరుకుంటుంది. పుట్టినరోజు నాడు పేరు పిలవడం, వందో తరగతికి అభినందించడం, తోటివాళ్ళ అంకెలు పక్కన చూపించడం, ఇవన్నీ అందుకే. కొందరికి ఇవి నిజంగా పనిచేశాయి, ఆరోగ్యాలు బాగుపడ్డాయి. కానీ తెరలో ఉన్న ఆ శిక్షకురాలికి మీ మోకాలు కనబడదు. నడుము వంగవలసిన చోట వీపు వంగుతున్నదని ఆమెకు తెలియదు. "భలే చేస్తున్నారు!" అంటుంది, మీరు సోఫాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నా అదే మాట అంటుంది. దీన్ని తరగతి అనడానికి నా మనసు ఒప్పుకోదు. మంచి టీవీ కార్యక్రమం అందాం. అలాంటి కార్యక్రమాలు ఉచితంగానూ దొరుకుతున్నాయి. 2020 మార్చిలో ఇంగ్లండులో బడులు మూసినప్పుడు జో విక్స్ అనే శిక్షకుడు పిల్లల కోసం రోజూ తొమ్మిదింటికి యూట్యూబులో వ్యాయామం చెప్పాడు. రెండో రోజున ఒకే సమయంలో 9,55,185 చోట్ల జనం చూశారని గిన్నిస్ వాళ్ళు నమోదు చేశారు. రూపాయి చందా లేదు.

అయితే డబ్బు పెట్టి తీసుకోవలసిన తరగతి ఏది? శిక్షకుడికి మనం కనబడే తరగతి.

కోస్తాలోని ఒక చిన్న ఊళ్ళో మా పిన్ని ఉంటుంది. వయసు అరవై దాటింది, పదిహేనేళ్ళుగా చక్కెర జబ్బు. నడవమని డాక్టరు చెప్పాడు. తెల్లవారుజామున వీధిలో నడుద్దామంటే కుక్కలు, సాయంత్రం నడుద్దామంటే "ఎక్కడికి బయల్దేరావమ్మా?" అని అరుగుల మీద విచారణలు. ఊళ్ళో జిమ్ము ఒకటుంది, మేడ మీద, కుర్రాళ్ళతోనూ పెద్ద చప్పుడు పాటలతోనూ నిండి ఉంటుంది. అక్కడికి పిన్ని వెళ్ళడం ఊహకందే విషయం కాదు. మూడేళ్ళ కిందట పక్క జిల్లా నుంచి ఒక యోగా టీచరు ఫోనులో తరగతి చెబుతున్నదని విని చేరింది. పొద్దున్న అయిదున్నరకు మొదలు, పద్నాలుగు మంది ఆడవాళ్ళు, అందరూ కెమెరాలు తెరిచి పెట్టాలన్నది నియమం. నేను వెళ్ళినప్పుడు వంటింటి గడపలో నిలబడి చూశాను. "పిన్నిగారూ, మీరు గోడకు ఆనుకోండి, ఎడమ మోకాలు లోపలికి పోతోంది" అని ఆ టీచరు పేరు పెట్టకుండా అన్నా ఎవరిని అంటున్నదో అందరికీ తెలిసింది. రెండు రోజులు కనబడకపోతే మధ్యాహ్నం ఫోను వస్తుంది. ఒంట్లో బాగాలేదా, మనవలొచ్చారా అని. పిన్ని దీన్ని తరగతి అనదు, "మా వాళ్ళు" అంటుంది.

మన దగ్గర వ్యాయామం మగవాళ్ళ సొత్తుగానే ఉంటూ వచ్చింది. తాలింఖానాలు, గోదాలు, సాముగరిడీలు, విజయనగరంలో కోడి రామమూర్తి నాయుడు గారి బలప్రదర్శనల కథలు, వీటిని తలుచుకుని మనం ఇప్పటికీ పొంగిపోతాం. ఆ గోదాలో మన నాయనమ్మలకు చోటు లేదు. "ఇంటి పనే వాళ్ళకు వ్యాయామం" అనే మాట ఒకటి మాత్రం ఇచ్చాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు శ్రమ చేయాలి, దానికి తోడు వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలి. గిన్నెలు తోమితే నడుము నొస్తుంది, తొడ కండరానికి బలం రాదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రచురించిన అంచనాలో 2022 నాటికి మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేని ఆడవాళ్ళు 57 శాతం, మగవాళ్ళు 42 శాతం. దానికి ముందు సంవత్సరం, 2023లో, ఐసీఎంఆర్ వారి అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని అంచనా వేసింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే పిన్ని ఫోనులోని ఆ అయిదున్నర తరగతిని కాలక్షేపమని కొట్టిపారేయడం నాకు సాధ్యం కాదు.

(భాష గురించి ఒక మాట, మన అలవాటు కొద్దీ. బస్కీలు, దండీలు అన్న చక్కని మాటలున్నా తెలుగు శిక్షకులు కూడా స్క్వాట్సు, పుషప్సు అనే అంటున్నారు. పిన్నికి మాత్రం బస్కీ అంటే చటుక్కున అర్థమవుతుంది. గుంజీళ్ళంటే ఇంకా బాగా అర్థమవుతుంది, బడిలో తీసినవే కదా! మన ఊహలో వ్యాయామానికీ శిక్షకూ ఉన్న చుట్టరికం బహుశా అక్కడే మొదలై ఉంటుంది.)

డబ్బు సంగతికి వస్తాను. పిన్ని ప్రతి నెలా ఒకటో తారీఖు దాటాక తానే ఫోనులో అంకెలు నొక్కి ఆ టీచరుకు పంపుతుంది. కూతురి పురిటికి వెళ్ళిన రెండు నెలలూ పంపలేదు. తిరిగి వచ్చాక మళ్ళీ పంపింది. ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. చందా కట్టిన ప్రతిసారీ "ఈ నెల నేను చేస్తాను" అని తనకు తాను చెప్పుకున్నట్టు. దానంతటది కోసుకుపోయే చందాలో ఆ మాట మొదటి నెల ఒక్కసారే చెప్పుకుంటాం.

ప్రభుత్వాలు ఈ ఇబ్బందిని గుర్తించకపోలేదు. రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కార్డు నుంచి ఇలా తనంత తాను డబ్బు తీసుకునేముందు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు అందాలి. అప్పట్లో వ్యాపారులు చాలా గింజుకున్నారు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల మాయోపాయాలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చేరడం తేలిక, మానడం కష్టం చేసి పెట్టే చందా ఉచ్చు వాటిలో ఒకటి. అమెరికాలో 2024 అక్టోబరులో, చేరినంత తేలిగ్గా మానే వీలుండాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం చేస్తే, 2025 జూలైలో ఒక న్యాయస్థానం విధానపరమైన లోపం చూపి దాన్ని కొట్టేసింది. మన దగ్గర నియమం కాగితం మీద బాగానే ఉన్నా, బ్యాంకు కబురు రోజుకు వచ్చే యాభై సందేశాల మధ్య పడిపోతుంది. మా స్నేహితుడొకరు ఇలాంటి ఒక యాప్ చందా మానబోతే అయిదు తెరలు దాటవలసి వచ్చింది. చిట్టచివరి తెరలో "మీ ఆరోగ్యాన్ని వదులుకుంటున్నారా?" అని అడిగిందట. చేరేటప్పుడు ఒక్క మీట.

నేను కోరేది పెద్దదేమీ కాదు. నెల రోజులు ఒక్క తరగతి అయినా తెరవని చందాదారు నుంచి మరుసటి నెల డబ్బు తీసుకోకండి, అడిగి తీసుకోండి. ఎవరు ఏ రోజు ఎన్ని నిమిషాలు చేశారో, గుండె ఎంత కొట్టుకున్నదో కూడా లెక్క రాసుకునే సంస్థకు వీడు రావడం లేదన్న సంగతి తెలియకపోవడం ఉండదు. 2020 మేలో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ఇలాంటి పనే చేశారు. చేరి ఏడాదైనా ఏమీ చూడనివాళ్ళనూ, రెండేళ్ళుగా చూడడం మానేసినవాళ్ళనూ కొనసాగుతారా అని అడుగుతామనీ, జవాబు రాకపోతే చందా ఆపేస్తామనీ ప్రకటించారు. ఏడాది, రెండేళ్ళు అన్నది మరీ ఎక్కువ గడువే. కానీ సినిమాలు చూపించేవాడికి పట్టిన ఆ మాత్రం శ్రద్ధ, ఆరోగ్యం పేరు చెప్పి అమ్మేవాడికి పట్టకూడదా?

డబ్బు కట్టామన్న బాధే మనిషిని లేపుతుంది, అది లేకపోతే ఎవరూ చేయరు అనేవాళ్ళున్నారు. కట్టిన మొదటి వారం నిజమే కావచ్చు. పైన చెప్పిన 7,752 మంది హాజరు చూస్తే ఆ బాధ ఎన్నాళ్ళు నిలిచిందో తెలుస్తూనే ఉంది. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉన్నది. ఎవరికి వీలైన నెల వాళ్ళు కడతామంటే ఆ చిన్న టీచరు ఇల్లు ఎలా గడుస్తుంది? పెళ్ళిళ్ళ కాలంలో ఆమె తరగతి సగానికి పడిపోతుందట, వేసవిలో మనవలొస్తే ఇంకా తగ్గుతుందట. రాకపోయినా కట్టేవాళ్ళ సొమ్ముతో పెద్ద సంస్థ నిలబడుతుంది. ఆమెకు ఆ ఆసరా లేదు, పద్నాలుగు ఇళ్ళ నుంచి వచ్చేదే ఆదాయం. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఏడాదిలో ఏ రెండు నెలలైనా మానుకోవచ్చు, మిగిలిన పది నెలలూ వచ్చినా రాకపోయినా కట్టాలి అన్న ఒప్పందం ఉభయులకూ న్యాయంగా ఉంటుందనిపించి పిన్నితో అన్నాను. ఆవిడ తరగతిలో అడిగింది. పదకొండు మంది సరేనన్నారు, ముగ్గురు మొగుళ్ళను అడిగి చెబుతామన్నారు.

ఇంకా చాలామందిని చేర్చుకోవచ్చు కదా అని కూడా అడిగించాను. పద్నాలుగు మంది దాటితే తన ఫోను తెర మీద గళ్ళు మరీ చిన్నవైపోయి మోకాళ్ళు కనబడవని ఆ టీచరు జవాబు. పదిహేనో ఆవిడ, పిన్ని వాళ్ళ ఎదురింటావిడే, సంక్రాంతి నుంచి ఎదురు చూస్తున్నది.